మీకు తెలుసా? నటన ఎన్నాళ్ళలో వస్తుందో!

ఇంటర్ పరీక్షలు అయిపోయాయంటే చాలు, జగ్గయ్యపేటలోనో నందిగామలోనో ఏదో ఒక ఇంట్లో ఈ మాట పుడుతుంది: "నాన్నా, నేను యాక్టింగ్ నేర్చుకుంటా!" వెంటనే పెద్దవాళ్ళ నోట రెండు ప్రశ్నలు: ఎక్కడ నేర్చుకుంటావు? ఎన్నాళ్ళు నేర్చుకుంటావు? ఆ రెండింటి చుట్టూ మన ఊళ్ళలోనూ లోకంలోనూ దొరికిన వింతల్ని ఏరి ఇక్కడ కుప్ప పోశాను. వరసేమీ లేదు, ఎక్కడి నుంచైనా చదవండి!

★ జగ్గయ్యపేట, నందిగామ రెండూ ఒక సినిమా నటుడి పేరు పెట్టుకున్న జిల్లాలో ఉన్నాయి! 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లాను విడదీసి ఎన్టీఆర్ జిల్లా ఏర్పాటు చేశారు. అంతకన్నా వింత ఏమిటంటే, ఆయన పుట్టిన నిమ్మకూరు మాత్రం ఆయన పేరున్న జిల్లాలోకి రాలేదు, కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది.

★ మరి ఎన్టీఆర్ ఏ యాక్టింగ్ స్కూల్లో చదివారో చెప్పండి చూద్దాం! ఏ స్కూల్లోనూ లేదు. బెజవాడ ఎస్సారార్ కాలేజీలో ఉండగా నాటకంలో ఆడవేషం ఇస్తే, మీసం తీసేది లేదని పట్టుబట్టి మీసంతోనే నాగమ్మ వేషం కట్టారు. "మీసాల నాగమ్మ" అన్న పేరు అలా వచ్చింది.

★ అదే ఎన్టీఆర్ నలభై ఏళ్ళ వయసులో, పెద్ద హీరో అయ్యాక, శిష్యుడిగా కూర్చున్నారు! 1963లో వచ్చిన 'నర్తనశాల'లో బృహన్నల వేషం కోసం వెంపటి చినసత్యం గారి దగ్గర కూచిపూడి అడుగులు నేర్చుకున్నారు.

★ సినిమా ఆడించాలంటే సర్టిఫికెట్ కావాలి, సినిమాలో ఆడాలంటే అక్కర్లేదు! 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం ప్రతి సినిమాకూ సెన్సారు వారి పత్రం ఉండాల్సిందే. నటుడికి మాత్రం ఫలానా కోర్సు చదివి ఉండాలన్న చట్టమే లేదు. "మా సర్టిఫికెట్ లేకపోతే ఛాన్సు రాదు" అని ఎవరైనా అంటే, ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

★ ఇదిగో, ఈ లెక్క చూడండి, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే! మూడు నెలల కోర్సు. వారానికి ఆరు రోజులు, రోజుకు రెండు గంటలు. మొత్తం 156 గంటలు. బ్యాచిలో 26 మంది ఉంటే ఒక్కొక్కరికి వచ్చేది ఎంత? ఆరే ఆరు గంటలు! అంటే రోజుకు అయిదు నిమిషాలు కూడా రాదు. మిగతా సమయమంతా పక్కవాళ్ళు చేస్తుంటే కూర్చుని చూడటమే. చూసి నేర్చుకునేదీ ఉంటుంది, కాదనను. కానీ మాట పెగలాల్సింది మన గొంతులోంచే కదా!

★ అందుకే ఆరు నెలల కోర్సు కన్నా మూడు నెలల కోర్సు పెద్దది కావచ్చు! 26 మంది ఉన్న ఆరు నెలల బ్యాచిలో ఒక్కొక్కరికి 12 గంటలు వస్తే, 12 మందే ఉన్న మూడు నెలల బ్యాచిలో 13 గంటలు వస్తాయి. ఫీజు కట్టేవాళ్ళు "ఎన్ని నెలలు?" అని అడుగుతారు. "ఎంతమంది?" అని అడిగేవాళ్ళు అరుదు.

★ నందిగామ నుంచి విజయవాడకు రోజూ బస్సులో వెళ్ళి నేర్చుకుంటే, కోర్సు అయ్యేసరికి ఎంత దూరం తిరిగినట్టో ఊహించండి! పోను సుమారు 50 కిలోమీటర్లు, రాను 50. మూడు నెలల్లో 78 రోజులు క్లాసు జరిగితే 7,800 కిలోమీటర్లు! శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి దాదాపు 3,700 కిలోమీటర్లు. దాని మీద ఆ చివరి దాకా వెళ్ళి ఇంటికి తిరిగొచ్చినా ఇంకా కొంత దూరం మిగులుతుంది.

★ జగ్గయ్యపేట పిల్లల సంగతి ఇంకా విడ్డూరం! విజయవాడ సుమారు 80 కిలోమీటర్లు కాబట్టి పోను రాను 160. 78 రోజులకు 12,480 కిలోమీటర్లు. భూమికి ఈ పక్క నుంచి ఆ పక్కకు నడిమధ్యగా సొరంగం తవ్వితే దాని పొడవు 12,742 కిలోమీటర్లు. రెండు రోజులు అదనంగా క్లాసుకు వెళితే భూగోళం అవతల తేలినట్టే!

★ ఆ ప్రయాణాన్ని మూడో వంతుకు తగ్గించే ఉపాయం ఒకటుంది, కనిపెట్టగలరా? శని, ఆదివారాల్లో రోజుకు ఆరేసి గంటలు చెప్పే చోట చేరితే అవే 156 గంటలు 26 రోజుల్లో అయిపోతాయి. అప్పుడు నందిగామ వాళ్ళు తిరిగేది 2,600 కిలోమీటర్లే.

★ మన మెట్ట ప్రాంతంలో ఒకప్పుడు నాటకం నేర్చుకునేవాళ్ళు ఫీజు కట్టడం కాదు, నెల జీతం పుచ్చుకున్నారు! ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మైలవరం జమీందారు పోషణలో నడిచిన బాలభారతీ నాటక సమాజం నటుల్ని జీతాల మీద పెట్టుకుని నాటకాలాడించింది. యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి మహానటుల పేర్లు ఆ సమాజంతో ముడిపడి ఉన్నాయి. మైలవరం నందిగామకు ఎంత దూరమని, ఒక్క పూటలో వెళ్ళి రావచ్చు!

★ అందాల నటుడు శోభన్‌బాబు హైస్కూలు చదువు కూడా మైలవరంలోనే! 1937 జనవరి 14న, సరిగ్గా సంక్రాంతి రోజుల్లో, కృష్ణా జిల్లా చిననందిగామలో పుట్టిన ఆయనకు నాటకాల పిచ్చి పట్టుకుంది బడిలోనే. ఆ తర్వాత మద్రాసు వెళ్ళింది లా చదవడానికి. లాయరు కావాల్సిన మనిషి సోగ్గాడు అయ్యారు!

★ మీ ఊరి హార్మోనియం మేష్టారే ఒక యాక్టింగ్ స్కూలు అని ఎప్పుడైనా అనుకున్నారా? పల్లెల్లో పద్యనాటకం కట్టాలంటే పొలం పనులు తగ్గిన రోజుల్లో మేష్టారిని పిలిపించేవారు. రాత్రి అన్నాలయ్యాక చావడిలోనో రామాలయం అరుగు మీదో హార్మోనియం మోగేది. మేష్టారు ఒక పాదం పాడితే, కృష్ణుడి వేషం వేసే కుర్రాడు అదే పాదం అందుకునేవాడు. శ్రుతి తప్పితే మళ్ళీ మొదటికి. మాట తడబడితే మళ్ళీ మొదటికి. ఊరు ఊరంతా చుట్టూ కూర్చుని వినేది. ఏ ఇన్‌స్టిట్యూటులోనూ దొరకని సౌకర్యం ఇది: మొదటి రోజు నుంచే ప్రేక్షకులు!

★ కురుక్షేత్రం నాటకంలో ఒక్క రాత్రికి ఎంతమంది కృష్ణులు? ఇద్దరు, ముగ్గురు కూడా! కంట్రాక్టు నాటకాల్లో ఒక్కో రంగానికి ఒక్కో పేరుమోసిన నటుణ్ణి పిలిపిస్తారు, జనం వాళ్ళ పద్యాలను పోల్చి చూసుకుంటారు. సత్య హరిశ్చంద్రలోనూ అంతే. వారణాసి రంగం హరిశ్చంద్రుడు ఒకరైతే, కాటిసీను హరిశ్చంద్రుడు మరొకరు. నేర్చుకునేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఒకే పాత్రను ఇద్దరు ఉద్దండులు ఎలా చేస్తారో ఒక్క రాత్రిలో, పక్కపక్కనే చూడొచ్చు!

★ ఆ కాటిసీనులో గుండె కరిగించే పద్యాలు కొన్ని అసలు నాటకం రాసిన కవివి కావు! నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కాటిలో నటులు అందుకునే శ్మశానం పద్యాలు గుర్రం జాషువా గారివి.

★ చచ్చిపోయిన పాత్ర లేచి పద్యం పాడటం తెలుగు నాటకంలో మామూలే! జనం "వన్స్ మోర్" అని కేకేస్తే నేలకొరిగిన వీరుడు లేచి మళ్ళీ పాడి, మళ్ళీ పడిపోయేవాడు.

★ నాట్యశాస్త్రం లెక్కన ఒక్క చూపులే 36 రకాలు! తల కదలికలు 13, కనుబొమలవి 7, ముక్కువి 6, చెక్కిళ్ళవి 6, మెడవి 9. ఒంటిచేతి ముద్రలు 24, రెండు చేతులవి 13. ఆపైన చేతులూ కాళ్ళూ కలిపి చేసే కరణాలు 108. రోజుకు ఒక్కటి చొప్పున నేర్చుకుంటే ఎన్నాళ్ళు పడుతుంది? 222 రోజులు, ఏడు నెలల పైమాటే! మూడు నెలల కోర్సు వాళ్ళు కళ్ళు, తల, ముఖం దాటి చేతుల్లోకి దిగేసరికే పరీక్ష వచ్చేస్తుంది.

★ యుద్ధంలో ఏనుగుల దళాన్ని నడిపిన సేనాని నాట్యం మీద గ్రంథం రాశాడంటే నమ్ముతారా? కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి జాయప సేనాని 1253-54 ప్రాంతంలో 'నృత్త రత్నావళి' రాశాడు. ఆయన వంశం మన కృష్ణా తీరంలోని దివిసీమకు చెందినదే.

★ కూచిపూడి అగ్రహారంలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది సిద్ధేంద్రయోగి పెట్టిన నియమమని చెబుతారు! ఒక ఊరు ఊరంతటికీ ఒకటే డిగ్రీ అన్నమాట. ఆ వేషానికి పర్యాయపదమైన వేదాంతం సత్యనారాయణశర్మ గారికి 1970లో పద్మశ్రీ వచ్చింది.

★ ఇంగ్లండులో ఆడవాళ్ళు వృత్తి నాటకరంగం ఎక్కింది 1660లో! షేక్స్‌పియర్ నాయికలందరినీ ఆయన బతికుండగా మగపిల్లలే పోషించారు. మన అక్కినేని నాగేశ్వరరావు గారి నటన కూడా మొదలైంది నాటకాల్లో ఆడవేషాలతోనే.

★ అక్కినేని గారికి ఆడిషన్ ఎక్కడ జరిగిందో తెలుసా? దాదాపు బెజవాడ రైల్వే స్టేషన్లోనే! అక్కడ దర్శకుడు ఘంటసాల బలరామయ్య గారి కంటపడ్డారు, 1944లో 'సీతారామ జననం'లో రాముడయ్యారు. ఏ క్లాసుకూ వెళ్ళని ఆయన కట్టించిన అన్నపూర్ణ స్టూడియోస్ ఆవరణలో 2011 నుంచి సినిమా విద్య నేర్పే కాలేజీయే నడుస్తోంది.

★ మహానటి సావిత్రిని తొలి రోజుల్లో ఒక సినిమాలో పెద్ద వేషం నుంచి తీసేశారు! 'సంసారం' (1950)లో పెద్ద వేషానికి తీసుకున్నాక, ఎదురుగా అక్కినేనిని చూసి తబ్బిబ్బై డైలాగు సరిగ్గా చెప్పలేకపోయిందట. ఏడేళ్ళు తిరగకుండా 'మాయాబజార్'లో శశిరేఖ ఒంట్లో ఘటోత్కచుణ్ణి చూపించింది. ఆ భుజాల విరుపు, ఆ నడక చూడండి మళ్ళీ!

★ నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు గారు తొలి సినిమా పోయాక జంషెడ్‌పూర్‌లో టాటా వారి ఉద్యోగానికి వెళ్ళిపోయారు! తిరిగి వచ్చాక కథ వేరు. 'నర్తనశాల'లో కీచకుడి పాత్రకు జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడిగా నిలిచారు. ఆయన బడి కూడా నాటకమే, కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్.

★ ఒక బస్సు కండక్టరు యాక్టింగ్ కోర్సులో చేరాడు. ఎవరో చెప్పక్కర్లేదుగా! బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న రజనీకాంత్ 1973లో మద్రాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. 1975లో 'అపూర్వ రాగంగళ్' వచ్చేసింది. ఇప్పటికి యాభై ఏళ్ళు దాటినా ఆ రెండేళ్ళ చదువు ఇంకా పనికొస్తూనే ఉంది.

★ ఆ మద్రాసు ఇన్‌స్టిట్యూట్‌లో రజనీకాంత్‌కూ చిరంజీవికీ రాజేంద్రప్రసాద్‌కూ నటన పాఠాలు చెప్పిన గురువు మన తెలుగువాడే! యానాం దగ్గర పుట్టిన దేవదాస్ కనకాల గారు తాను పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకుని వచ్చి, ఆ విద్యను మద్రాసులోనూ తర్వాత హైదరాబాదులోనూ పంచిపెట్టారు.

★ ఇన్‌స్టిట్యూట్ గొప్పదా, నాటకం గొప్పదా? ఈ పందెం 1978లోనే ఒకే సినిమాలో జరిగింది! 'ప్రాణం ఖరీదు' చిరంజీవికి విడుదలైన మొదటి సినిమా, కోట శ్రీనివాసరావుకూ అదే మొదటి సినిమా. చిరంజీవి మద్రాసు ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చారు. కంకిపాడులో పుట్టిన కోట బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ ఏళ్ళ తరబడి నాటకాలాడి, అదే పేరున్న నాటకంలో నటించి, అటు నుంచే సినిమాలోకి వచ్చారు. ఎవరు గెలిచారు? ఇద్దరూ! నన్నడిగితే ఎవరికి ఏ దారి కుదిరితే అదే, కానీ ఏదో ఒక దారిలో చెమటోడ్చాల్సిందే.

★ చిరంజీవికి గిన్నిస్ పుస్తకంలో చోటు దొరికింది ఏ అంకెతోనో తెలుసా? 24,000 స్టెప్పులు! 156 సినిమాల్లో, 537 పాటల్లో అన్ని అడుగులు వేసినట్టు 2024లో నమోదు చేశారు. భాగిస్తే పాటకు 45 చొప్పున.

★ జీవించి ఉన్నవారిలో ఎక్కువ సినిమాల్లో కనిపించిన నటుడిగా గిన్నిస్ కెక్కిన బ్రహ్మానందం గారు అంతకుముందు ఏం చేసేవారు? అత్తిలి కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పేవారు! క్లాసురూములో వెనక బెంచీ వాణ్ణి నిద్రపోనివ్వకుండా గంటసేపు మాట్లాడటం కన్నా మంచి సాధన ఏముంటుంది?

★ దేశంలో పేరున్న నాటక బడిలో సీటొస్తే ఎదురు డబ్బులిస్తారు! 1959లో మొదలైన ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో కోర్సు మూడేళ్ళు. ఎంపికైన విద్యార్థులకు నెలనెలా ఉపకార వేతనం ఉంటుంది. సీట్లు మాత్రం దేశం మొత్తానికీ కలిపి ఒక్క మినీబస్సులో పట్టేటన్ని!

★ నసీరుద్దీన్ షా, ఓంపురి ఇద్దరూ ఒకటి చాలదని రెండు బళ్ళలో చదివారు! ముందు ఢిల్లీలో డ్రామా స్కూలు, తర్వాత పుణెలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్. రంగస్థలానికి గొంతు ఆఖరి వరస దాకా వెళ్ళాలి, కెమెరాకు కనురెప్ప చాలు. రెండూ వేరువేరు విద్యలు మరి.

★ కనురెప్ప అంటే గుర్తొచ్చింది! సినిమా సెకనుకు 24 ఫ్రేములు. రెప్ప ఒకసారి పడి లేవడానికి పావు సెకను అనుకున్నా ఆరు ఫ్రేములు మాయం. మామూలుగా మనిషి నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాడు. క్లోజప్‌లో రెప్ప వేయకండని బ్రిటిష్ నటుడు మైకేల్ కెయిన్ 1987లో టీవీలో పాఠమే చెప్పాడు. ఇప్పుడే అద్దం ముందు నిలబడి ఒక్క నిమిషం ప్రయత్నించండి. ఎన్ని సెకన్లు ఆగగలిగారు?

★ ఎన్నాళ్ళు అన్న ప్రశ్నకు ఒక్కో చోట ఒక్కో జవాబు! పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో నటన డిప్లొమా రెండేళ్ళు. అదే సంస్థ ఊరూరా నడిపే చిన్న కోర్సుల్లో కొన్ని 20 రోజులే! హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల పీజీ రెండేళ్ళు. 1904లో పుట్టిన లండన్ నాటక అకాడమీ 'రాడా'లో మూడేళ్ళు. న్యూయార్క్ జూలియార్డ్‌లో నాలుగేళ్ళు. 20 రోజులకూ నాలుగేళ్ళకూ తేడా ఎంతో లెక్క కట్టండి: 73 రెట్లు!

★ విజయవాడలోనే ఆరేళ్ళు చదవగలిగే కళాశాల ఉంది! ఘంటసాల పేరు పెట్టుకున్న ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో సర్టిఫికెట్‌కు నాలుగేళ్ళు, డిప్లొమాకు మరో రెండేళ్ళు. దాని మొదటి ప్రిన్సిపాల్ ఎవరనుకున్నారు? సాక్షాత్తూ మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు! నటనకు నృత్యం ఎందుకంటారా? పైన బృహన్నల సంగతి మళ్ళీ చదవండి.

★ జాకీ చాన్ బడి పదేళ్ళు! హాంకాంగ్‌లో చైనా ఒపెరా నేర్పే గురుకులంలో ఏడేళ్ళ పిల్లాడిగా చేరి, పదిహేడేళ్ళ కుర్రాడిగా బయటికొచ్చాడు. జపాను నో నాటకానికీ ఏడో ఏటనే శిక్షణ మొదలుపెట్టాలని జెయామి అనే మహానటుడు 600 ఏళ్ళ కిందటే రాసి పెట్టాడు.

★ కథకళి విద్యార్థులు తెల్లవారకముందే లేచి కళ్ళలో నెయ్యి వేసుకుంటారు! కనుగుడ్లను పైకీ కిందకీ పక్కలకీ చక్రంలా తిప్పే సాధన గంటల తరబడి సాగుతుంది, ఆ మంటను నెయ్యి చల్లబరుస్తుంది. దీన్ని ఇంట్లో సొంతంగా చేయకండి, గురువు పక్కన ఉండాల్సిన పని.

★ నాటకంలో ఒక్క అంకాన్ని 41 రోజులు ఆడతారంటే నమ్మగలరా? కేరళ కూడియాట్టంలో 'మంత్రాంకం' అనే ఒక్క అంకమే అన్నాళ్ళు సాగుతుంది. ఆ కళను యునెస్కో 2001లో మానవాళి వారసత్వంగా గుర్తించింది.

★ ప్రపంచంలోని యాక్టింగ్ క్లాసుల్లో సగం మాటలు పుట్టింది ఒక 18 గంటల కబుర్లలోంచి! 1897లో మాస్కోలో రష్యన్ నాటక దర్శకులు స్తానిస్లావ్‌స్కీ, నెమిరోవిచ్-దాంచెంకో ఒక హోటల్లో కూర్చుని ఏకబిగిన 18 గంటలు మాట్లాడుకున్నారు. మరుసటి ఏడాదే మాస్కో ఆర్ట్ థియేటర్ తెరుచుకుంది. ఆ స్తానిస్లావ్‌స్కీ నటన పాఠాలను ఒక విద్యార్థి డైరీ రూపంలో రాశాడు, అందుకే అది పాఠ్యపుస్తకంలా కాక నవలలా చదివిస్తుంది.

★ డిగ్రీయే ఇవ్వని బడి న్యూయార్క్‌లో ఉంది! 1947లో పెట్టిన యాక్టర్స్ స్టూడియోలో ఒకసారి ఎంపికైతే జీవితాంతం సభ్యులే, ఎన్నేళ్ళు వచ్చినా రూపాయి ఫీజు లేదు. మార్లన్ బ్రాండో అక్కడి సభ్యుడే. అక్కడ "కోర్సు అయిపోయింది" అన్న మాటే ఉండదు.

★ పుట్టుకతోనే అడ్మిషన్ దొరికే చోటు మాత్రం మనదే! 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో నెలల పిల్లలే బాలకృష్ణుడిగా రంగం ఎక్కేస్తారు. మిగతా సమాజాల్లో మగవాళ్ళు ఆడవేషాలు కడుతున్న కాలంలోనే సురభిలో ఆడవాళ్ళు ఆడపాత్రలు వేశారు. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు డైరెక్టరుగా పనిచేసిన బి.వి. కారంత్ అంతటివాడు వాళ్ళ దగ్గరికి వచ్చి వాళ్ళతో నాటకాలు చేయించాడు.

★ చార్లీ చాప్లిన్ అయిదేళ్ళకే స్టేజీ ఎక్కాడు, అదీ అనుకోకుండా! పాడుతున్న తల్లికి గొంతు పోతే ఆమె బదులు వెళ్ళి పాడాడు, జనం చిల్లర విసిరారు.

★ బుర్రకథకు ముగ్గురు చాలు! మధ్యలో కథకుడు, ఒక పక్క హాస్యం చెప్పే వంత, ఇంకో పక్క రాజకీయం చెప్పే వంత. ఈ మూడు పనులూ మార్చి మార్చి చేస్తే ఆట, పాట, మాట, సమయస్ఫూర్తి అన్నీ ఒక్కచోటే పట్టుబడతాయి. ఆ కళతోనే షేక్ నాజర్ గారు 1986లో పద్మశ్రీ అందుకున్నారు.

★ జగ్గయ్యపేటలో అభినయానికి రెండు వేల ఏళ్ళ నాటి రాతి సాక్ష్యం దొరికింది! ధనంబోడు బౌద్ధ స్తూపం దగ్గర బయటపడిన మాంధాత చక్రవర్తి శిల్పంలో రాజు చెయ్యెత్తి నిలబడితే ఆకాశం నుంచి నాణేలు కురుస్తుంటాయి. ఒక్క చేతి కదలికతో కథంతా చెప్పేశాడు ఆ శిల్పి. అసలు శిల్పం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. జగ్గయ్యపేట పిల్లలు మద్రాసు వెళితే తప్పక చూడండి!

★ "ఆరు నెలల్లో హీరోని చేస్తాం" అని డబ్బు కట్టించుకుని మాట తప్పితే ఏం చేయాలి? నాలుగంకెల నంబరొకటి ఉంది: 1915! అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అయిదు లక్షల లోపు కేసుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. రసీదు, కరపత్రం మాత్రం దాచుకోండి. బ్యాచిలో ఎంతమంది ఉంటారో, ఏడాదిలో ఎన్నిసార్లు జనం ముందు నిలబెడతారో కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వడానికి వెనకాడే చోట చేరకపోవడమే మేలు.

★ తెలుగు నాటకానికి పుట్టినరోజు ఉంది! కందుకూరి వీరేశలింగం గారు పుట్టిన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా చేసుకుంటాం, ఆయన 1880లోనే రాజమహేంద్రవరంలో పిల్లలతో నాటకం ఆడించారు. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు దారిలో ఊరూరా పరిషత్తులు వెలిశాయి. వాటి పోటీల్లో ఒక్క రాత్రికి రెండు మూడు నాటికలు పడతాయి, చాలాచోట్ల టికెట్టే ఉండదు. విజయవాడ హనుమంతరాయ గ్రంథాలయంలోనో తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనో ఈసారి పోటీలు జరిగేటప్పుడు, ఫీజు కట్టకముందే, మీ అమ్మానాన్నలను కూడా వెంటబెట్టుకుని ముందు వరసలో కూర్చుని చూసి రండి.